హాల్లోకి పాత బల్ల: ఏది తేవాలి, ఎలా చూడాలి

అందరికీ నమస్కారం.

హాల్లో సోఫా ముందు వేసుకోవడానికి పాతకాలపు కాఫీ టేబుల్ ఎలా ఎంచుకోవాలో చెప్పమని అడిగారు. వందేళ్ల నాటి కాఫీ టేబుల్ కావాలని మన చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల వెతికితే దాదాపు దొరకదు. సోఫా ముందు పొట్టి బల్ల వేసుకునే అలవాటు పాశ్చాత్య దేశాల్లోనే పందొమ్మిదో శతాబ్దం చివర్లో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కుదురుకుంది. మన దగ్గర అప్పటికి చాలా ఇళ్లలో సోఫానే లేదు. అరుగు మీదో, చాప మీదో, ఉయ్యాల బల్ల మీదో కూర్చుని డవరా చేత్తో పట్టుకునే తాగేవాళ్లు.

అందుకని యాంటిక్ కాఫీ టేబుల్ పేరుతో అమ్మేవి చాలామటుకు ఇంకేదో వస్తువుగా పుట్టినవే. చెక్కపెట్టె కావచ్చు, లెక్కలు రాసుకునే డెస్క్ కావచ్చు, పడగొట్టిన ఇంటి తలుపు కావచ్చు, కాళ్లు కోసి పొట్టి చేసిన ఆఫీసు బల్ల కావచ్చు. అందులో తప్పేమీ లేదు. అది మొదట ఏమిటో తెలుసుకుని, దానికి తగ్గ డబ్బే ఇవ్వండి. ఈరోజు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే.

తిరుపతిలో ఇల్లున్నవాళ్ల సంగతి వేరు. దర్శనానికని చుట్టాలు వస్తూనే ఉంటారు. రాత్రయితే హాలే పడకగది. సోఫా జరిపి, బల్ల గోడవారకు నెట్టి, వరుసగా పరుపులు వేస్తాం. ఇద్దరు ఎత్తలేని బల్ల ఈ ఊళ్లో హాలుకు పనికిరాదు. దుకాణంలో ఎంత ముచ్చటగా ఉన్నా ముందు ఒక కొస ఎత్తి చూడండి. పాత తలుపుతో చేసిన బల్లల మీద నాకున్న అభ్యంతరం కూడా ఈ బరువే. మందపాటి టేకు తలుపు, దాని మీద అద్దం, కింద ఇనుప కాళ్లు. ఒకసారి వేస్తే అక్కడే పాతుకుపోతుంది. చెక్కడాల సందుల్లో దుమ్ము సరేసరి.

నన్నడిగితే మన హాళ్లకు చిన్న చెక్కపెట్టె బాగా నప్పుతుంది. పెద్ద భోషాణం కాదు, అది మరీ ఎత్తు. నడుముకు ఇత్తడి పట్టీలు, పక్కన కడియాలు ఉండే మోస్తరు పెట్టె. చుట్టాల కోసం ఉంచే దుప్పట్లు, దిండు గలీబులు అందులోనే పెట్టుకోవచ్చు. ఇబ్బందులూ ఉన్నాయి. మూత తీయాలంటే మీదున్నవన్నీ దించాలి. కింద కాళ్లు చాపుకోవడానికి చోటుండదు కాబట్టి సోఫాకు కాస్త ఎడంగా వేయాలి.

కొలతలు త్వరగా చెప్పేస్తాను. బల్ల ఎత్తు మీ సోఫా సీటుతో సమానంగా గానీ, ఒకటి రెండు అంగుళాలు తక్కువగా గానీ ఉండాలి. చాలా సోఫాలకు అది 16 నుంచి 18 అంగుళాలు వస్తుంది. పొడవు సోఫాలో మూడింట రెండు వంతులు చాలు. సోఫాకూ బల్లకూ మధ్య 15 నుంచి 18 అంగుళాలు వదలండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇంకొంచెం.

ఇక వయసు. బల్ల పైభాగం చూసి వయసు చెప్పడం కష్టం, పాలిష్ దేన్నైనా దాచేస్తుంది. తిరగేసి చూడండి. చేత్తో లాగిన రంపం గాట్లు నిటారుగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. మిషను చక్రం కోస్తే విల్లులా వంపు గీతలు పడతాయి. అతుకులు చెక్క చీలలతో బిగించారా, జిగురు పూసి మేకులు కొట్టారా చూడండి. స్టార్ స్క్రూలు, అంటే తల మీద ప్లస్ గుర్తు గాడి ఉండేవి, 1930లలో వచ్చాయి. అంతకు ముందుదని చెప్పే బల్లకు అవి ఉంటే తర్వాత మరమ్మతు అయినా జరిగి ఉండాలి, లేదా చెప్పిన వయసు అబద్ధమై ఉండాలి. ప్లైవుడ్ పొరలు కనబడితే వందేళ్ల కబుర్లు నమ్మకండి.

గుండ్రటి బల్ల అయితే టేపుతో అటూ ఇటూ కొలవండి. చెక్క నారకు అడ్డంగా కుదించుకుంటుంది, పొడవునా దాదాపు కుదించుకోదు. అందుకే నిజంగా పాతబడిన గుండ్రటి పలక రెండు వైపులా ఒకే కొలత రాదు, ఒకవైపు కాస్త తగ్గుతుంది. కాళ్లు కోసిన బల్లను పట్టుకోవడం సులువు. కాళ్ల అడుగున కోత తాజాగా ఉంటుంది, పైన చట్రం మాత్రం కాళ్లకు మించి బరువుగా కనిపిస్తుంది.

పురుగు సంగతి అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు. గుండుసూది బెజ్జాలు ఉన్నంత మాత్రాన భయం లేదు, పురుగు ఎప్పుడో పోయి ఉండొచ్చు. బెజ్జాల్లోంచి మెత్తటి పిండి రాలుతోందంటే మాత్రం అది ఇంకా లోపలే ఉండొచ్చు. అనుమానముంటే బల్ల కింద నల్ల కాగితం పరిచి కొన్ని రోజులు ఉంచమని అమ్మేవాళ్లను అడగండి. టేకు చేవకు, అంటే దుంగ నడిమి గట్టి చెక్కకు, పురుగు పట్టడం అరుదు. అంచుల్లో ఉండే తెల్ల చెక్కనే తినేస్తుంది.

రంగు వేసిన పాత బల్లయితే, పిల్లలున్న ఇంట్లో దాన్ని పొడిగా గీకించకండి. ఇంట్లో వాడే రంగుల్లో సీసం పరిమితిని మన దేశంలో 90 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 90కి) తగ్గించిన నిబంధన 2017 నవంబరులోనే అమలుకొచ్చింది. అంతకు ముందు పూసిన రంగుల్లో సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది.

పాలిష్ విషయంలో వడ్రంగి ఆచారిగారికి గట్టిగా చెప్పాలి. మొత్తం గీకి, కొత్తదానిలా మెరిపించి ఇస్తామంటారు, ఒప్పుకోకండి. ఆ గీతలు, ఆ నలుపు, చేతులు తగిలి నునుపెక్కిన అంచులు పోయాక మీరు పెట్టిన డబ్బుకు మిగిలేది చెక్క ఒక్కటే. ముందు శుభ్రంగా తుడిపించి, అవసరమైన చోటే పూత వేయించండి. పాతది లక్క పాలిష్ అయితే కనబడని మూలలో దూదితో స్పిరిట్ అద్దినప్పుడు జిగటగా వస్తుంది. దాని మీద వేడి టంబ్లర్ పెడితే తెల్లటి మచ్చ పడుతుంది, కాబట్టి ఎప్పుడూ ఒక పళ్లెం ఉంచండి.

మన ప్రాంతంలో తప్పకుండా చెప్పాల్సినది ఎర్రచందనం. శేషాచలం పక్కనే ఉన్నాం, పాత ఎర్రచందనం బల్ల ఉంది, చవగ్గా ఇస్తాం అనేవాళ్లు తారసపడతారు. సరైన కాగితాలు లేకుండా దాన్ని ముట్టుకోవద్దు, కేసుల్లో ఇరుక్కుంటారు. అలాగే గుడి నుంచో, రథం నుంచో వచ్చిందనిపించే దేవతామూర్తుల పలక బల్లగా మారి కనబడితే వదిలేయండి. ఎంగిలి గ్లాసులు పెట్టే చోటు కాదది. దొంగసొత్తు కూడా కావచ్చు.

పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు తాతగారి పెట్టెను పంపిద్దామనుకుంటారు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన చారిత్రక, కళా వస్తువులను సొంతంగా దేశం దాటించకూడదు. పెట్టెకు అంత వయసు లేదనుకుంటే, అది పురావస్తువు కాదని పురావస్తు శాఖ ఇచ్చే సర్టిఫికెట్ ముందే తీసుకోండి.

ఫోన్లలో ఫొటోలు తెచ్చినవాళ్లు ఇప్పుడు ముందుకు రండి. బల్ల అడుగు, కాళ్లు, అతుకులు కనబడే ఫొటోలు మొదట చూపించండి. హాలు కొలతలు కూడా రాసుకొచ్చి ఉంటే, ఏది తీసుకోవచ్చో ఒక్కొక్కటిగా మాట్లాడుకుందాం.