ఒక్క షరతు మార్చి చూస్తే

శ్రోతలకు నమస్కారం. 1905లో మద్రాసు నుంచి వెలువడే ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’ అనే ఇంగ్లీషు పత్రికలో ‘సుల్తానాస్ డ్రీమ్’ అనే చిన్న కథ అచ్చయింది. రాసినవారు రొకేయా సఖావత్ హుస్సేన్ అనే బెంగాలీ రచయిత్రి. ఆ కథలోని దేశంలో పరదా మగవారికి. వారు ఇంటిపట్టున ఉండి వంటావార్పూ పిల్లల సంగతీ చూసుకుంటూ ఉంటే, స్త్రీలు ఎండ వేడిమిని ఒడిసిపట్టి, మబ్బుల నుంచి నేరుగా నీరు తోడుకుని, రాజ్యం నడుపుతుంటారు. మగవారిని లోపల ఉంచడమేమిటని అడిగితే, పిచ్చివాళ్లు ఆసుపత్రి నుంచి తప్పించుకుని వస్తే వాళ్లను బంధిస్తారా, బుద్ధిగా ఉన్నవాళ్లను బంధిస్తారా అని ఎదురు ప్రశ్న వస్తుంది. రొకేయా భర్త ఆ రాతప్రతిని నిలబడే ఆసాంతం చదివి, “భయంకరమైన ప్రతీకారం!” అన్నారట.

సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ, రాబోయే కాలపు కథలు, వీటన్నిటినీ కలిపి ఇప్పుడు స్పెక్యులేటివ్ ఫిక్షన్ అంటున్నారు. వీటిలో రచయిత మన లోకానికి ఉన్న ఒక్క షరతును మార్చి, తక్కినదంతా యథాప్రకారం నడవనిస్తాడు. అలవాటై కంటికి ఆనకుండా పోయిన అధికారం అప్పుడు ఒక్కసారిగా కనిపిస్తుంది. ఆ అధికారం చట్టసభల్లో ఎలా మాట్లాడుతుందో వ్యాసాలు కూడా చెప్పగలవు. అది మొగుడూపెళ్లాల మధ్యకు, తల్లిదండ్రుల పక్కకు ఎలా వచ్చి కూర్చుంటుందో చెప్పాలంటే కథే కావాలని నా నమ్మకం. పాత్రల చేత వాదనలు మోయించే నవలలు ఈ కోవలోనూ చాలానే ఉన్నాయి, వారం తిరగకుండానే అవి మనసులోంచి చెరిగిపోతాయి.

జనం ప్రతి కదలికనూ కనిపెట్టి చూసే నియంతృత్వ రాజ్యం గురించి జార్జ్ ఆర్వెల్ 1949లో ప్రచురించిన ‘నైన్‌టీన్ ఎయిటీ ఫోర్’ నవల అనగానే అందరూ నిఘా తెరల గురించి మాట్లాడతారు. నన్ను వదలనిది మాత్రం పార్సన్స్ అనే తండ్రి. అతను నిద్రలో నాయకుడికి వ్యతిరేకంగా కలవరిస్తే, తాళపు కన్నం దగ్గర చెవి పెట్టి విన్న ఏడేళ్ల కూతురు వెళ్లి గస్తీవారికి చెబుతుంది. జైలు గదిలో అతనికి ఆ పిల్ల మీద కోపం రాదు. ఎంత బాగా పెంచానో కదా అని గర్వపడతాడు.

అంతకంటే దగ్గరగా చూపిన నవల, ఆక్టేవియా బట్లర్ 1979లో ప్రచురించిన ‘కిండ్రెడ్’. 1976లో కాలిఫోర్నియాలో ఉంటున్న డేనా అనే నల్లజాతి రచయిత్రిని, రూఫస్ అనే తెల్ల కుర్రవాడికి ప్రాణాపాయం వచ్చిన ప్రతిసారీ, పందొమ్మిదో శతాబ్దపు తొలి రోజుల్లో, అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో బానిసలు పనిచేసే ఒక తోటలోకి కాలం లాగేస్తుంటుంది. రూఫస్ తండ్రి బానిసల యజమాని. రూఫస్ డేనాకు పూర్వీకుడు, అతను బతకకపోతే ఆమె వంశమే లేదు. ఒకసారి ఆమెను పట్టుకుని ఉన్న భర్త కెవిన్ కూడా అక్కడికి చేరతాడు. అతను తెల్లవాడు, ఆమెను మనసారా ప్రేమించినవాడు. అయినా ఆ కాలంలో అతను ఆమెకు యజమానిగా నటిస్తేనే ఇద్దరికీ రక్షణ.

ఒక రోజు బానిసల పిల్లలు ఆడుకుంటూ కనిపిస్తారు. వాళ్ల ఆట వేలంపాట. ఒకరు వేలం వేస్తుంటే, తనకు తక్కువ ధర కట్టారని ఒక పాప అలుగుతుంది. పిల్లలు చూసినదే ఆడతారు కదా అని కెవిన్ సర్దిచెప్పబోతాడు. తాను ఊహించుకున్నంత ఘోరంగా ఈ చోటు లేదనీ అంటాడు. డేనా మాత్రం అక్కడ నిలబడలేకపోతుంది. పక్కపక్కనే ఉన్న ఇద్దరు ఒకే దృశ్యాన్ని రెండు రకాలుగా చూడడానికి కారణం వాళ్ల మంచితనంలో తేడా కాదు, ఆ వేలంలో ఎవరికి ధర పలుకుతుందన్నదే.

ఆఖరి ప్రయాణంలో డేనా ఎడమ చెయ్యి పోగొట్టుకుంటుంది. ఆమెను చెక్కుచెదరకుండా వెనక్కి రానివ్వలేకపోయానని బట్లర్ తరవాత చెప్పారు. ఆసుపత్రికి వచ్చిన పోలీసులు కెవిన్‌నే అనుమానిస్తారు. ఆ చెయ్యి ఎలా పోయిందో భార్యాభర్తలిద్దరికీ తెలుసు. బయటివారికి చెబితే నమ్మరనీ తెలుసు.