కూలగొట్టబోయే ఇంటిని జరిపి ఇంకో కుటుంబానికి ఇద్దాం

అందరికీ నమస్కారం. అన్నలు, అక్కలు, ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లు, భోజనాలకి ముందు నాకు మైకు ఇచ్చారు కాబట్టి పది నిమిషాల్లో చెప్పేస్తాను, కానీ కాస్త మనసు పెట్టి వినండి.

ఇక్కడ అమెరికాలో ఇల్లు కొన్నవాళ్లు చాలామంది ఉన్నారు కదా, ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లులో సీపీఏ అని ఒక లైను ఉంటుంది, ఎప్పుడైనా గమనించారా? కమ్యూనిటీ ప్రిజర్వేషన్ యాక్ట్ అని 2000లో మసాచుసెట్స్‌లో వచ్చిన చట్టం అది. ఓటేసి ఒప్పుకున్న ఊళ్లలో ట్యాక్స్ మీద ఇంకో 3 శాతం దాకా వసూలు చేస్తారు, రాష్ట్రంలో ఉన్న 351 టౌన్లు, సిటీల్లో దాదాపు 200 ఒప్పుకున్నాయి, మన టౌన్ కూడా. రిజిస్ట్రీ ఫీజుల్లోంచి రాష్ట్రం కూడా కొంత కలుపుతుంది. ఆ డబ్బులో ఏటా కనీసం 10 శాతం ఖాళీ జాగాలకి, 10 శాతం పాత కట్టడాలకి, 10 శాతం తక్కువ ధర ఇళ్లకి కేటాయించాలి. అంటే నేను ఈరోజు మిమ్మల్ని కొత్తగా డబ్బు అడగట్లేదు, మీరు ఇప్పటికే కట్టింది ఎక్కడ పెట్టాలో చెప్పమంటున్నాను.

లైబ్రరీ వెనక వీధిలో ఆ తెల్ల ఇల్లు తెలుసు కదా, మూడు బెడ్‌రూములది. కొన్న బిల్డర్‌కి స్థలం కావాలి, ఇల్లు అక్కర్లేదు. పాత ఇల్లు కాబట్టి పాత కట్టడాల్ని చూసుకునే టౌన్ హిస్టారికల్ కమిషన్ కూల్చివేతని కొన్నాళ్లు ఆపింది, ఆ గడువు అయిపోతే ఒక్క రోజులో మెషీన్ వచ్చి దూలాలూ కిటికీలూ మెట్లూ అన్నీ డంప్‌స్టర్‌లో వేసి తీసుకుపోతుంది. బిల్డర్ అయితే తీసుకెళ్లేవాళ్లుంటే ఊరికే ఇస్తానన్నాడు, కూల్చే ఖర్చు అతనికి మిగులుతుంది కాబట్టి. మైలు కూడా లేని దూరంలో టౌన్‌కి సొంత స్థలం ఉంది. సీపీఏ డబ్బుతో ఈ ఇంటిని అక్కడికి జరిపి బాగుచేద్దామా అన్నదే వచ్చే టౌన్ మీటింగ్‌లో, అంటే ఊరి ఓటర్లు కూర్చుని ఓటేసే సభలో, మన ముందుకొచ్చే ఆర్టికల్, అంటే ఓటుకి పెట్టే ప్రతిపాదన, ఖర్చుల కాగితం మీ కుర్చీల మీద పెట్టాను.

ఇల్లు జరపడమేంటి అని పెద్దవాళ్లు అడుగుతున్నారు. మాది అలంపూర్ దగ్గర. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో కూడవెల్లి సంగమేశ్వరాలయం పోతుందని రాయి రాయి విప్పి తెచ్చి అలంపూర్‌లో మళ్లీ కట్టారు, మీలో చూసినవాళ్లు ఉండే ఉంటారు. గుడిని జరిపారు, చాలా మంచి పని. ఇళ్లని మాత్రం ఎవరూ జరపలేదు. మా తాతవాళ్లు ద్వారబంధం, నాలుగు దూలాలు పీకి ఎద్దులబండి మీద వేసుకుని వచ్చేశారు, మిగతా ఇల్లు నీళ్లలో పోయింది. ఆ ద్వారబంధం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, మా నాయనమ్మ రోజూ దానికి పసుపు రాసేది. బాగున్న ఇల్లు పోతుంటే నాకు అందుకే ఊరుకోబుద్ధి కాదు.

ఇక్కడ చెక్క ఇళ్లు కాబట్టి పని వేరేగా ఉంటుంది. ఇంటి కింద ఉక్కు బీములు దూర్చి, జాకీలతో అంతా ఒకేసారి సమానంగా లేపి, చక్రాల బండ్ల మీద పెట్టి మెల్లగా లాగుతారు. మన ఇండియాలో కూడా రోడ్డు ఎత్తు పెరిగితే జాకీలు పెట్టి ఇళ్లు లేపుతున్నారు కదా, దాదాపు అదే పద్ధతి. కేప్ కాడ్‌లో హైలాండ్ లైట్‌హౌస్‌ని 1996లో సముద్రం కోతకి దూరంగా 450 అడుగులు జరిపారు, ఇటుకలతో కట్టిన లైట్‌హౌస్ అది. ఇక నాంటకెట్ దీవిలో ఇళ్లు జరపడం తరాలుగా మామూలు విషయం. దారిలో అసలు చిక్కంతా కరెంటు, ఫోన్ తీగలతోనే, కంపెనీలవాళ్లు వచ్చి తప్పించాలి, చెట్ల కొమ్మలు కొట్టాలి, పోలీసులు రోడ్డు ఆపాలి, చిమ్నీ ముందే విప్పేయాల్సి రావచ్చు.

కొత్త పునాది మీద కూర్చోబెట్టాక బాగుచేయడం ఇంకో పెద్ద పని. 1978కి ముందు కట్టిన ఇల్లంటే లెడ్ పెయింట్, అంటే పిల్లలకి హాని చేసే సీసం కలిపిన రంగు, ఉందనుకునే మొదలుపెట్టాలి, ఆరేళ్లలోపు పిల్లలుంటే దాని సంగతి చూడాల్సిందేనని ఇక్కడి చట్టం. వైరింగ్, ఇన్సులేషన్, సెప్టిక్ అన్నీ ఉన్నాయి. ఇంకో ముఖ్యమైన మాట, సీపీఏలో ఇళ్ల పద్దు కింద ఏ ఇంటికి పడితే ఆ ఇంటికి రిపేర్లు చేయించడం కుదరదు, ఈ ఫండ్‌తోనే సంపాదించిన ఇల్లో, తయారుచేసిన ఇల్లో అయితేనే బాగుచేయొచ్చు. అందుకే ఆర్టికల్‌లో ఇల్లు తీసుకోవడం, జరపడం, బాగుచేయడం కలిపి రాశారు, ఎవరైనా లేచి రిపేరు డబ్బు తీసేద్దాం అంటే మాత్రం దయచేసి ఒప్పుకోకండి, సగం పనయిన ఇల్లు ఎవరికీ ఉపయోగపడదు.

ఇప్పుడు మన వాట్సాప్ గ్రూపులో వచ్చిన ప్రశ్న, ఎవరికో ఫ్రీగా ఇల్లు ఇచ్చేస్తారా అని. ఫ్రీ కాదండి. మన ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతం లోపు సంపాదించే కుటుంబం, బ్యాంకు లోను తీసుకుని, లాటరీలో పేరొస్తే కొనుక్కుంటుంది, ట్యాక్స్ కూడా కడుతుంది. మన పిల్లల స్కూల్లో అసిస్టెంట్ టీచర్, బస్ డ్రైవర్, అంబులెన్స్ నడిపే అబ్బాయి, వీళ్లంతా రోజూ గంట దూరం నుంచి వస్తున్నారు, అలాంటివాళ్లకి. రేపు ఎక్కువ ధరకి అమ్ముకుంటే అన్నారు ఒకరు. డీడ్‌లోనే, అంటే ఇంటి దస్తావేజులోనే రాసుంటుంది, ఫార్ములా ప్రకారం వచ్చే ధరకే, అలాంటి ఆదాయం ఉన్నవాళ్లకే అమ్మాలి, ఇది శాశ్వతం. అసలు అమ్మకూడదు అన్న మాట కాదు, అమ్ముకోవచ్చు, కానీ ఇల్లు మాత్రం తర్వాతవాళ్లకీ అందేలా ఉండిపోతుంది. ఈ కండిషన్ లేకపోతే నేనే వద్దనేవాణ్ణి.

టౌన్ మీటింగ్‌లో హాల్‌కి వచ్చి కూర్చున్నవాళ్ల ఓటే లెక్క, ఇంట్లో ఉండి వేసేది లేదు. సిటిజెన్ అయ్యి ఓటరుగా నమోదైనవాళ్లే వేయగలరు, మీటింగ్‌కి 10 రోజుల ముందు దాకా నమోదు చేసుకోవచ్చు. ఇంకా వీసా మీద, గ్రీన్ కార్డు మీద ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు, ఓటున్నవాళ్ల పిల్లల్ని ఆ సాయంత్రం మీరు చూసుకుంటే చాలు, నాలుగు ఇళ్లవాళ్లు ఇప్పటికే ఒప్పుకున్నారు.

శనివారం పొద్దున పదింటికి నేను ఆ ఇంటి దగ్గర ఉంటాను, లోపల చూడడానికి బిల్డర్ ఒప్పుకున్నాడు. వంటింటి దగ్గర ఒక చెక్క వదులుగా ఉంది, పిల్లలు వస్తే చెయ్యి పట్టుకోండి. మెట్ల పక్కన గోడ మీద ఎవరో తమ పిల్లల ఎత్తులు పెన్సిల్‌తో గీసిన గీతలున్నాయి, అవి కూడా చూద్దురుగాని.