బాపమ్మ కుట్టిన బొంత

అందరికీ నమస్కారం. పెద్దమ్మలకు, చిన్నమ్మలకు, అక్కలకు, వెనక గోడకు ఆనుకొని నిలబడ్డ తమ్ముళ్లకు కూడా.

మహిళా దినోత్సవం రోజు మాట్లాడమని సంఘం వాళ్లు అడిగితే ఎవరి గురించి చెప్పాలా అని రెండు రోజులు ఆలోచించాను. రుద్రమదేవి గురించి, చాకలి ఐలమ్మ గురించి ప్రతి ఏడాదీ వింటున్నాం, వినాలి కూడా. ఈసారి మాత్రం మా బాపమ్మ గురించి చెప్తాను. ఆమె పోయి సంవత్సరం దాటింది. మీలో చాలామంది ఆమెతో కలిసి పత్తి ఏరినవాళ్లే, మా వాకిట్లో కూర్చొని బొంత కుట్టినవాళ్లే. నేను తప్పు చెప్తే అక్కడి నుంచే సరిచేయండి.

ఈ బల్ల మీద పరిచింది ఆమె కుట్టిన బొంత. పైన కనిపించే ముదురాకుపచ్చ చీరె మా మేనత్త పెళ్లికి బాపమ్మ కట్టుకున్నది. ఈ పక్కన తెల్లగా ఉన్న ముక్క తాత ధోతి. అది ఆజంజాహి మిల్లు బట్ట అని బాపమ్మ ఎప్పుడూ చెప్పేది. 1934లో నిజాం కాలంలో వరంగల్‌లో పెట్టిన మిల్లు అది. మిల్లు మూతపడి ఎన్నో ఏండ్లయింది, ధోతి ముక్క ఇంకా గట్టిగానే ఉంది. ఇక్కడ నీలం రంగు అతుకు నా బడి గౌను. ముళ్లకంపకు తట్టుకొని చిరిగితే ఏడ్చుకుంటూ ఇంటికొచ్చాను. "ఏడువకు బిడ్డా, దీన్ని బొంతలెక్కిస్త" అన్నది. అన్నట్టే ఎక్కించింది.

బొంతలు ఎండాకాలంలోనే కుట్టేవాళ్లు. పత్తి, మిరప ఏరుడు అయిపోయి, వానలు పడేదాకా చేతికి కాస్త తీరిక దొరికే రోజులవి. ఏడాదంతా దాచిన చీరెల మూట అప్పుడు విప్పేది. అన్నిటినీ ఉతికి, గంజి పోయేదాకా జాడించి, ఆరేసేది. ఆ తర్వాత చేసే పని నాకు ఇప్పటికీ కళ్లముందు కనిపిస్తుంది. ఒక్కో చీరెను రెండు చేతులతో ఎత్తి ఎండకు అడ్డం పట్టేది. వెలుతురు జల్లెడలో నుంచి వచ్చినట్టు వస్తే ఆ చీరె లోపలి పొరలకు. ఎండను ఆపితే పైకో, కిందికో. మరీ పీలికలైన చోటును కత్తిరించి పక్కన పెట్టేది, అవి దీపం వత్తులకు, మసిగుడ్డలకు పోయేవి.

వాకిలి అలికి, చాప పరిచి, దాని మీద చీరె పరిచి, గాలికి లేవకుండా నాలుగు మూలలా రాళ్లు పెట్టేది. నాలుగైదు పొరలు అయ్యాక పొరలు జరగకుండా ముందు పెద్ద పెద్ద టాకాలు వేసేది. అసలు కుట్టు అంచు నుంచి మొదలయ్యేది. నాలుగు పక్కలా తిరుగుతూ, ఒక వరుస లోపల ఇంకో వరుసగా, నడుమకు వచ్చేదాకా. దారానికి తేనె మైనం రాసేది. ఒక్కో కుట్టు బియ్యం గింజంత. దగ్గరికొచ్చి వేలు పెట్టి చూడండి, ఎక్కడా పొడుగు, పొట్టి తేడా దొరకదు. ఆమెకు స్కేలు లేదు, గీత లేదు. బొంత మీదే కూర్చొని, కుట్టుకుంటూ వెనక్కి జరిగేది.

ఆ పని ఒక్కతే చేసేది కాదు. ఈ రోజు మా ఇంట్లో, ఎల్లుండి పక్కింట్లో, ఒకరి బొంతకు ఒకరు బదులు పోయేవాళ్లు. ఎవరి బిడ్డకు సంబంధం కుదిరింది, ఎవరి బర్రె పాలియ్యడం లేదు, అన్నీ అక్కడే తెలిసేవి.

తర్వాత పాలిస్టర్ చీరెలు వచ్చాయి. బాపమ్మకు అవి అస్సలు నచ్చలేదు. పొర మీద పొర జారిపోతుంది, చెమట పీల్చదు. "గిది గుడ్డ కాదు బిడ్డా, కవరు" అనేది. నూలు చీరెలు తగ్గిన కొద్దీ ఆమె బొంతలు కూడా తగ్గాయి.

మన వరంగల్ కొత్తవాడ జంపఖానాకు 2018లో జీఐ గుర్తింపు, అంటే ఈ వస్తువు ఈ ఊరిదే అని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు, వచ్చింది. నేసినవాళ్ల చేతికి ఆ గౌరవం రావాల్సిందే. బెంగాల్‌లో పాత చీరెల మీద కుట్టే కాంథాకు దేశమంతా పేరుంది. బీహార్‌లో పుట్టిన బిడ్డను చుట్టడానికి పాత చీరెలతో సుజనీ కుడతారు, కర్ణాటకలో కౌది కుడతారు. మన బొంత వీటికి చుట్టమే. కానీ మన బొంత అంగడికి పోలేదు. కుట్టిన ఇంట్లోనే కప్పుకొని, ఉతికి, చిరిగితే దాని మీదే ఇంకో చీరె వేసి మళ్లీ కుట్టుకున్నాం. అందుకే దానికి ధర లేదు, లెక్క లేదు. జనాభా లెక్కల వాళ్లు వచ్చి ఏం పని చేస్తవని అడిగితే "కూలి" అని చెప్పేది బాపమ్మ. బొంత కుట్టడం కూడా పనే అని ఆమెకు మేమెవరం చెప్పలేదు.

ఇంకో సంగతి చెప్పాలి, చెప్పడానికి కష్టంగానే ఉంది. మేం పెంకుటిల్లు తీసేసి స్లాబు ఇల్లు కట్టినప్పుడు, పిల్లర్లకు తడి ఆరకుండా చుట్టడానికి గోనె సంచులు సరిపోలేదు. ఇంట్లో ఉన్న బొంతలు తీసి తడిపి చుట్టేశాం. చుట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇంటికి దుప్పట్లు, రగ్గులు వచ్చాయి కదా, ఇవెందుకు అనుకున్నాం. బాపమ్మ మంచం మీద కూర్చొని చూసింది. అడ్డుకోలేదు. చాలాసేపటి తర్వాత "ఆకుపచ్చది ఒక్కటి ఇడిసిపెట్టుండ్రి" అన్నది. సిమెంటు నీళ్లలో నానిన మిగతావన్నీ ఆ తర్వాత పనికిరాలేదు. ఆ ఒక్క మాట అనకపోతే ఈ రోజు మీకు చూపించడానికి ఇది కూడా ఉండేది కాదు.

ఇప్పుడు ఈ కింది మూల చూడండి. ఇక్కడ కుట్టు ఊడిపోయింది, జానెడంత. ఒక టైలరు మిషన్ మీద వేసిస్తానన్నాడు, నేను ఇవ్వలేదు. నేనే సూది పట్టుకున్నాను. నేరుగా కుట్టడం వచ్చింది. మూల దగ్గర మాత్రం గుడ్డ ఉబ్బుతోంది, వరుస పక్కకు పోతోంది. మూల దగ్గర ఆమె సూదిని ఎట్లా తిప్పేదో ఎన్నోసార్లు చూశాను గానీ ఒక్కసారి కూడా అడగలేదు.

ముందు వరుసలో కూర్చున్న పెద్దమ్మలారా, మీకు ఆ మూల తిప్పుడు తెలుసు. సూది, దారం తెచ్చాను, మైనం కూడా ఉంది. మీటింగు అయ్యాక పది నిమిషాలు ఉండండి.