నోట్లో మిరపకాయ, నెత్తిన చెమట

(గుంటూరు బ్రాడీపేటలో ఒక గ్రంథాలయం మేడమీద, ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట టీవీ కట్టేసి ఇంతమంది వచ్చారంటే నాకు కొంచెం టెన్షన్‌గానే ఉంది. ముప్పై ఏళ్లు అనాటమీ పాఠాలు చెప్పాను గానీ, అక్కడ పిల్లలు అటెండెన్స్ కోసం కూర్చునేవారు. మీకు ఆ భయం లేదు, విసుగొస్తే లేచి వెళ్లిపోతారు.

మెదడు గురించి చెప్పమన్నారు. పుస్తకాల్లో పైనుంచి కిందికి చెప్తారు. నేను ఈ ఊరివాణ్ణి కాబట్టి మిరపకాయ పట్టుకుని కిందినుంచి పైకి వెళ్తాను.

సీజన్‌లో మిర్చి యార్డు పక్కనుంచి బండి మీద వెళ్తే ఏమవుతుంది? తుమ్ములు. ఆపుకుందామన్నా ఆగవు. వెన్నుపాము మెదడులో కలిసే చోట మజ్జాముఖం అని బొటనవేలి కణుపంత భాగం ఉంటుంది. తుమ్ము, దగ్గు, మింగడం, వాంతి, ఊపిరి, గుండె వేగం, బీపీ, ఇవన్నీ దాని డ్యూటీ. దాన్నీ, దానిమీదున్న మరో రెండు భాగాలనీ కలిపి మెదడు కాండం అంటాం. మనం నిద్రపోయినా అది పనిచేస్తూనే ఉంటుంది. జీవన్‌దాన్ కింద ఫలానావారి అవయవాలు దానం చేశారని పేపర్లో చదువుతుంటారు కదా, అక్కడ బ్రెయిన్ డెడ్ అని తేల్చేముందు డాక్టర్లు ముఖ్యంగా పరీక్షించేది ఈ కాండాన్నే. వెలుతురు వేస్తే కంటిపాప ముడుచుకుంటోందా, వెంటిలేటర్ కాసేపు ఆపితే సొంతంగా ఊపిరి తీస్తున్నారా అని చూస్తారు. కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు చూస్తారు. కోమా వేరు, ఇది వేరు. కోమాలోంచి లేచి ఇంటికెళ్లినవాళ్లున్నారు.

సరే, ఇప్పుడా మిరపకాయని నోట్లో వేసుకుందాం. కారానికి కారణం క్యాప్సైసిన్ అనే పదార్థం. నాలుక మీద వేడిని పసిగట్టే గ్రాహకాలుంటాయి. మామూలుగా 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితేనే అవి కదలాలి. క్యాప్సైసిన్ వెళ్లి సరిగ్గా వాటికే అతుక్కుంటుంది. ఆ గ్రాహకాన్ని పట్టుకున్న డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది, ఇంకో శాస్త్రవేత్తతో కలిపి. నోరు కాలకపోయినా పైకి వెళ్లే కబురు మాత్రం 'కాలుతోంది' అనే. మెదడు నడిమధ్యలో థాలమస్ అని ఒక జంక్షన్ ఉంది. ఒక్క వాసన తప్ప మిగతా కబుర్లన్నీ దాదాపుగా దాని మీదుగానే పైకి పోతాయి. దాని కిందే బాదంపప్పంత హైపోథాలమస్. ఆకలి, దాహం, ఒంటి వేడి దాని లెక్కలో ఉంటాయి. ఒళ్లు కాలుతోందని నమ్మిన మెదడు చల్లార్చే పనిలో పడుతుంది. ఫ్యాను కింద కూర్చుని కొత్తావకాయ కలుపుకుంటున్నా నెత్తిన చెమట, ముక్కు కొసన చెమట అందుకే. మోసమని తెలిసినా రెండో ముద్ద ఆగదు, అది వేరే సంగతి.

మెడ పైన, వెనకవైపు ఉండేది చిన్నమెదడు. తిక్కగా మాట్లాడినవాణ్ణి 'నీకేమన్నా చిన్నమెదడు చితికిందా?' అంటాం. ఆ మాట నిజమైతే వాడి మాటల్లో తర్కం పెద్దగా చెడదు, నడక చెడుతుంది. ఒకసారి అందరూ కళ్లు మూసుకుని, కుడిచెయ్యి బారుగా చాపి, చూపుడువేలితో ముక్కు కొస తాకండి. కళ్లద్దాలున్నవారు జాగ్రత్త. ఆ వేలు ముక్కు దగ్గర వణక్కుండా ఆగిందంటే చిన్నమెదడు పుణ్యమే. మందు తాగినవాడు తూలేది అది తడబడటం వల్లే. పేరుకి చిన్నది, బరువులో పదో వంతు. కానీ మొత్తం 8,600 కోట్ల నాడీకణాల్లో సుమారు 80 శాతం దాంట్లోనే ఉంటాయి.

ఇక పెద్దమెదడు. మా డిసెక్షన్ హాల్లో, అవయవాలు పాడవకుండా ఉంచే ఫార్మలిన్ బకెట్లోంచి తీసి పిల్లల చేతిలో పెట్టేవాణ్ణి. అప్పటికి అది గట్టిపడి ఉంటుంది. ఫార్మలిన్‌లో వెయ్యకముందు మాత్రం జున్నులా ఉంటుంది, వేలు నొక్కితే దిగిపోతుంది. మెదడంతా కలిపి కేజీన్నర లోపే. పైపొరని మడతలు విప్పి పరిస్తే భోజనాల అరిటాకంత అవుతుంది. ఆ ఆకుని పుర్రెలో కుక్కడానికే అన్ని మడతలు.

దీంట్లో తల వెనక భాగం చూపుది. అక్కడ దెబ్బ తగిలితే కళ్లముందు చుక్కలు కనిపించేది అందుకే. చెవుల దగ్గరున్న భాగాలు వినికిడివి. నడినెత్తి వెనక భాగం స్పర్శది. నుదుటి వెనకది ముందుచూపుది, నోరు అదుపులో పెట్టేది. దీనికి ప్రతి పుస్తకంలోనూ ఫినియస్ గేజ్ కథ చెప్తారు. 1848లో అమెరికాలో రైలుమార్గం పనిలో ఇనపకడ్డీ అతని తలలోంచి దూసుకుపోయింది. బతికాడు గానీ మనిషి మారిపోయాడంటారు. ఆ తర్వాత అతను చిలీ దేశంలో ఏళ్ల తరబడి గుర్రబ్బండి నడిపి పొట్టపోసుకున్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

చెవుల లోపలివైపు హిప్పోక్యాంపస్ ఉంటుంది, కొత్త జ్ఞాపకం పడే చోటు. 1953లో మూర్ఛ తగ్గించడానికి హెన్రీ మొలైసన్ అనే అతనికి రెండువైపులా దాన్ని చాలావరకు తీసేశారు. పాత సంగతులు చాలా మిగిలాయి, కొత్తవి నిలవలేదు. బ్రాడీపేట లైన్లన్నీ కంఠతా వచ్చిన మనిషి ఇల్లు మారితే కొత్త ఇంటి దారి ఎప్పటికీ పట్టుబడనట్టు.

ఇప్పుడు మా పెదనాన్న సంగతి. తెనాలిలో ఉండేవారు, నాటకాల పిచ్చి. 1978లో ఒక పొద్దున చేతిలో కాఫీ గ్లాసు జారిపోయింది. మూతి ఎడమవైపుకి లాగేసింది, కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఏమడిగినా 'అదే, అదే' అనేవారు. మనం చెప్పింది అర్థమయ్యేది, కోపం వచ్చేది, కన్నీళ్లొచ్చేవి, బయటికొచ్చేది మాత్రం 'అదే'. కానీ ఎవరైనా పక్కన పద్యం అందుకుంటే రాగంతో సహా నాలుగు పాదాలూ పాడేవారు! గాలి సోకిందన్నారు, నటిస్తున్నాడన్నారు. తర్వాత కాలేజీలో చదువుకున్నాను, 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు దగ్గర 'టాన్' అనే ముక్క తప్ప మరో మాట రాని రోగి ఉండేవాడని. అతను చనిపోయాక తెరిచి చూస్తే ఎడమ మెదడు ముందుభాగంలో గుంట. మాట కూర్చే చోటు చాలామందికి అక్కడే, ఎడమ పక్కన. రాగానికి కుడివైపు మెదడు కూడా బాగా సాయం చేస్తుంది. పెదనాన్న పద్యం మిగిలింది అందుకే.

మరి మాటతో పాటు కుడిచెయ్యే ఎందుకు పోయింది? ఎడమ మెదడు ఒంటి కుడి భాగాన్ని నడిపిస్తుంది. చేతినీ మూతినీ కదిపే చోటు, మాట చోటు పక్కపక్క ఇళ్లు. రెంటికీ రక్తం ఒకే ధమని నుంచి వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ పోతే లైను మొత్తం చీకటైనట్టు, రక్తపు గడ్డ అడ్డుపడి ఆ ధమని మూసుకుపోతే అన్నీ కలిసి పోతాయి. పక్షవాతం అంటే ఇదే. కాలుని కదిపే చోటు నడినెత్తి మీద ఉంటుంది, దానికి రక్తం వేరే ధమనిది. పెదనాన్న మూడు నెలలకి కర్రపట్టుకుని నడిచారు గానీ చెయ్యి తిరిగి రాలేదు.

ఆయన్ని రెండు రోజులు నాటుమందు దగ్గర కూర్చోబెట్టారు. ఆస్పత్రికి తెచ్చినా అప్పటికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ వాడకంలో లేదు. ఇప్పుడుంది. కానీ మూతి వంకరపోయిన నిమిషం నుంచి నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. అంతకుముందే సీటీ స్కాన్ తియ్యాలి. లోపల గడ్డ కాకుండా రక్తస్రావం అయి ఉంటే అదే మందు ప్రాణం తీస్తుంది. అందుకని ఇంట్లో ఏ మాత్రా వెయ్యకండి, నోట్లో నీళ్లు కూడా పొయ్యకండి, మింగడం పోయి ఉండొచ్చు. సీటీ ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కుని తిన్నగా అక్కడికే తీసుకెళ్లండి. రాత్రి పడుకునేటప్పుడు బాగానే ఉండి పొద్దున లేచేసరికి ఇలా కనిపిస్తే, చివరిసారి బాగా ఉన్న టైమేదో డాక్టరుకి చెప్పండి. ఆయన లెక్క అక్కణ్ణుంచే.

ఇక ప్రశ్నలడగండి. మూడో వరసలో ఆ పాప చెయ్యెత్తి చాలాసేపైంది. చెప్పమ్మా.