కేంద్రానిదా, రాష్ట్రానిదా? తిరుపతి ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: కేంద్ర, రాష్ట్ర అధికారాల మీద మీ సందేహాలకు రాజనీతి శాస్త్రం లెక్చరర్ గారు జవాబిస్తారు. హలో, చెప్పండి.

కాలర్ (పలమనేరు): నమస్కారం మేడం, సార్‌కూ నమస్కారం. మాకు మామిడి తోపు ఉండాది సార్, తోతాపురి. మా నాయన నాటిన చెట్లు. హైవేకి సగం పోతాదని రాళ్లు పాతినారు. మండలాఫీసులో అడిగితే ‘ఇది ఢిల్లీది’ అంటారు. రోడ్డోళ్లనడిగితే ‘కలెక్టరాఫీసుకు పో’ అంటారు. ఇది కేంద్రందా, రాష్ట్రందా సార్?

లెక్చరర్: ఇద్దరూ సగం సగం చెప్పినారు. ఏ అధికారం ఎవరిదో పంచి చెప్పే రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో జాతీయ రహదారులు కేంద్ర జాబితాలో ఉన్నాయి. భూమి రాష్ట్ర జాబితా. భూసేకరణ ఉమ్మడి జాబితా, అంటే కేంద్రం, రాష్ట్రం ఇద్దరూ చట్టం చేయొచ్చు. హైవేకి తీసుకునేది 1956 నాటి కేంద్ర చట్టం కింద. పరిహారం లెక్కగట్టేది మాత్రం మామూలుగా మన రెవెన్యూ అధికారే, కేంద్రం అప్పగించిన పనిగా. మీ భూమి తీసుకుంటామని గెజిట్‌లో, అంటే ప్రభుత్వ ప్రకటనల పత్రికలో, వేసిన తేదీ చూసుకోండి. 21 రోజుల్లోపల ఆ అధికారికే అభ్యంతరం రాసివ్వాల.

కాలర్: ఆ తేదీ మాకెట్లా తెలస్తాది సార్?

లెక్చరర్: రెండు స్థానిక పత్రికల్లో వేస్తారు, ఒకటి తెలుగుది. అయినా మీరు గెజిట్ తేదీ నుంచే లెక్కపెట్టుకోండి.

కాలర్: సరే సార్. మరి చెట్లకు, బోరుకు? మా చిన్నోడు బెంగళూరులో ఉండాడు, వాడేమో ముఖ్యమంత్రికి అర్జీ పెట్టమంటాడు. ఇంతకీ ఇది రాష్ట్రందేనా?

లెక్చరర్: పెద్దాయనా, ఇప్పుడే చెప్పినా గదా! అర్జీ పెట్టుకోండి, తప్పులేదు. దాన్ని నమ్ముకుని కూచుంటే గడువు దాటిపోతాది. చెట్లకూ బోరుకూ లెక్క కడతారు. కొలతకొచ్చినప్పుడు దగ్గరుండి ఒక్కో చెట్టూ రాయించండి, కాపు చెట్టేదో లేతదేదో చూపించండి. డబ్బు చాలకపోతే కేంద్రం నియమించిన ఆర్బిట్రేటర్, అంటే తగువు తీర్చే మధ్యవర్తి, దగ్గరికి పోవచ్చు. గెజిట్ తేదీ మాత్రం మర్చిపోవద్దు.

యాంకర్: థాంక్యూ అండీ. నెక్స్ట్ కాలర్.

కాలర్ (తిరుపతి): సార్, నేను డిగ్రీ స్టూడెంట్‌ని. చదువు రాష్ట్రాలదైతే నీట్ దేశమంతా ఒకటే ఎందుకు?

లెక్చరర్: ఒకప్పుడు రాష్ట్రాలదేనమ్మా. 1976లో 42వ సవరణతో ఉమ్మడి జాబితాలోకి పోయింది. అడవులూ అప్పుడే పోయినాయి, మన శేషాచలం అడవితో సహా. ఉమ్మడి జాబితాలో రెండు చట్టాలు ఢీకొంటే 254వ అధికరణం ప్రకారం కేంద్రానిదే పైచేయి. నీట్ దేశమంతా ఒకటైంది అందుకే. రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకుంటే ఆ రాష్ట్రంలో రాష్ట్ర చట్టం నిలబడుతుంది, అదీ పార్లమెంటు మళ్లీ మార్చేదాకానే. బడిపిల్లల భాష, వాళ్ల అవసరం దగ్గరుండి చూసేది రాష్ట్రం. చదువు అక్కడే ఉండాల్సిందని నా అభిప్రాయం.

యాంకర్: థాంక్యూ. పుత్తూరు నుంచి...

కాలర్: సార్, మా వీధిలో మురిక్కాలువ పొంగతా ఉండాది, ఎంపీకి రెండుసార్లు...

లెక్చరర్: ఎంపీ ఎందుకండీ? అది మున్సిపాలిటీ పని. కమిషనర్‌కు రాసిచ్చి, రసీదు తీసుకోండి.

యాంకర్: టైమ్ అయిపోయింది సార్. థాంక్యూ.