తెల్ల కుచ్చు లేని పిట్ట

పెద్దలకు నమస్కారం, పిల్లలకు ఆశీస్సులు. పిట్టల్ని గుర్తుపట్టడం గురించి మాట్లాడమన్నారు. ఎన్నో చెప్పాలని రాసుకొచ్చాను గానీ, నా మనసంతా ఒక్క పిట్ట మీదే ఉంది.

అమెజాన్ అడవుల్లో ఉండే తెల్లకుచ్చు చీమపిట్ట అది. బరువు సుమారు 20 గ్రాములు. నల్లటి తల, నుదుటి మీద నిక్కబొడుచుకున్న తెల్ల కుచ్చులు, కింద తెల్లటి గడ్డం, ఇటుక రంగు పొట్ట, నారింజ రంగు కాళ్ళు. బొమ్మలో చూస్తే చిన్నపిల్లలైనా గుర్తుపడతారు. అడవిలో అలా కుదరదు.

పేరు విని చీమల్ని తింటుందనుకోకండి. సైనిక చీమల దండు నేలంతా పరుచుకుని కదులుతుంటే, ప్రాణభయంతో బయటికి దూకే మిడతల్నీ బొద్దింకల్నీ పట్టుకుంటుంది. నేల నిండా చీమలే కాబట్టి కింద వాలదు. జానెడు ఎత్తులో సన్నటి నిలువు కాడను పక్కవాటుగా పట్టుకుని కాచుకుంటుంది. పిల్లలూ, ఆ పట్టు గుర్తుపెట్టుకోండి.

ఆ రోజు దండు ముందు మసక రంగు పిట్ట ఒకటి కనిపించింది. మాకు దారి చూపిస్తున్న స్థానికుడు "అదే" అన్నాడు. నేను పుస్తకం తిరగేసి, "కుచ్చేది? ఇది వేరే" అన్నాను. అతను మాట్లాడలేదు. కాడను పట్టుకున్న దాని కాళ్ళవైపు వేలు చూపించాడు. అప్పటికీ నేను వినలేదు, 'తెలియదు' అని రాసేసుకున్నాను. కాసేపటికి తెల్ల కుచ్చుల పెద్ద పిట్ట వచ్చి దాని నోట్లో మిడత పెట్టింది. పిల్ల పిట్టకు కుచ్చు ఇంకా రాలేదు, అంతే! ఇన్నేళ్ళయినా ఆ మనిషి మాట కొట్టిపారేసినందుకు బాధగానే ఉంది.

ఇలా కొట్టిపారేయడం నాతోనే మొదలు కాలేదు. దీని దగ్గరి చుట్టం తెల్లముసుగు చీమపిట్ట ఉంది. 1937లో పెరూలో దొరికిన ఒకే ఒక్క నమూనా తప్ప చాలా ఏళ్ళు దానికి వేరే ఆధారం దొరకలేదు. సంకరజాతి పిట్ట అయి ఉంటుందని కొందరు అనుమానించారు. 2001లో అదే దేశంలో ప్రాణాలతో కనిపించింది, అదీ చీమల దండు వెంటే. అరవై నాలుగేళ్ళండీ!

అందుకే అడుగుతున్నాను, తెలియని పిట్ట కనిపిస్తే వెంటనే పుస్తకం తెరవకండి. బ్రెజిల్‌లోని మనౌస్ నగరం దగ్గర 1, 10 హెక్టార్ల ముక్కలుగా మిగిలిన అడవుల్లోంచి తెల్లకుచ్చు చీమపిట్టలు వెళ్ళిపోయాయి. ఉన్న చోట ఉన్నట్టు రాయకపోతే, పోయినప్పుడు పోయిందని ఎలా తెలుస్తుంది?

ఎవరైనా ఆ లైట్లు ఆర్పండమ్మా. ఆ పిల్ల పిట్ట ఫొటో వేస్తున్నాను. తల వైపు చూడకండి, కాళ్ళు చూడండి.