జర్మనీ అడవిలో 206 మంది మనవాళ్ళు

[తెర మీద: జర్మనీ మ్యాప్. బెర్లిన్ నుంచి ఒక గీత కిందికి దిగి అడవి అంచున ఆగుతుంది.]

అందరికీ నమస్కారం. బెర్లిన్‌కి దక్షిణంగా ఓ 40 కిలోమీటర్లు పోతే వ్యూన్స్‌డార్ఫ్ అని ఒక ఊరు వస్తుంది. ఆ ఊరు దాటి త్సేరెన్స్‌డార్ఫ్ వైపు అడవిలోకి నడిస్తే, చెట్ల మధ్య గడ్డి నేల, అందులో బారులు తీరిన సమాధి రాళ్ళు కనిపిస్తాయి. వాటి మీద జర్మన్ పేర్లు ఉండవు. సింగ్, ఖాన్, థాపా, గురుంగ్... అన్నీ మన ఉపఖండపు పేర్లే. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లకు బందీలుగా చిక్కి, మళ్ళీ ఇల్లు చూడకుండానే కన్నుమూసిన 206 మంది సైనికుల పేర్లు అవి.

పంజాబు నుంచి, సరిహద్దు కొండల నుంచి, నేపాల్ నుంచి బయల్దేరిన వాళ్ళు ఈ అడవికి ఎలా చేరారు? మధ్యలో కొన్ని దశాబ్దాల పాటు ఈ శ్మశానం ఎందుకు అందకుండా పోయింది? అయినా వాళ్ళ పేర్లు ఎలా మిగిలాయి? ఈ వీడియోలో అవే చెప్పుకుందాం.

[తెర మీద: మార్సే రేవులో ఓడ దిగుతున్న భారత సైనికుల పాత ఫోటో.]

1914 సెప్టెంబర్ చివర్లో భారత సైన్యంలోని లాహోర్ డివిజన్, అక్టోబర్‌లో మీరట్ డివిజన్ ఫ్రాన్స్‌లోని మార్సే రేవులో దిగాయి. మొదటివాళ్ళు దిగేటప్పటికి యుద్ధం మొదలై రెండు నెలలు కూడా నిండలేదు. బ్రిటిష్ సైన్యానికి మనుషులు చాలడం లేదు, మనవాళ్ళు ఆ ఖాళీ నింపడానికి వచ్చారు. ఒంటి మీద ఎండ దేశాల్లో తొడుక్కునే నూలు యూనిఫాం. ఎదురుగా ఉత్తర ఫ్రాన్స్ చలికాలం. మోకాళ్ళ దాకా బురద నిండిన కందకాల్లో నిలబడి కాపలా కాయాలి.

ఆ ఏడాది డిసెంబర్ 20న ఫెస్టుబర్ట్, గివెన్షీ దగ్గర జర్మన్లు మన సైనికుల కందకాల కిందకు సొరంగాలు తవ్వి మందుపాతరలు పేల్చారు. పేలుడు ఆగీ ఆగకముందే మీద పడ్డారు. అక్కడ చనిపోయినవాళ్ళు పోగా, చాలామంది పట్టుబడ్డారు. 1915 మార్చి 10న న్యూవ్ షాపెల్ అనే పల్లె దగ్గర ఇంకో పెద్ద పోరు. అక్కడ భారతీయ దళంలో చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, కనబడకుండా పోయినవాళ్ళు కలిపి నాలుగు వేల పైచిలుకు. కనబడకుండా పోయినవాళ్ళలో కొందరు బందీలయ్యారన్న సంగతి ఇళ్ళల్లో తెలియడానికి నెలలు పట్టేది.

[తెర మీద: చెక్కతో కట్టిన మసీదు, దాని మినారు. పాత పోస్టుకార్డు బొమ్మ.]

బందీలను జర్మన్లు మామూలు శిబిరాల్లో పెట్టలేదు. వ్యూన్స్‌డార్ఫ్‌లో ప్రత్యేకంగా ఒక శిబిరం కట్టారు. దాని పేరు హాల్బ్‌మోండ్‌లాగర్, అంటే అర్ధచంద్ర శిబిరం. జర్మనీకి ఇందులో పెద్ద లెక్కే ఉంది. టర్కీ సుల్తాను జర్మనీ పక్షాన యుద్ధంలోకి దిగి, 1914 నవంబర్‌లో జిహాద్ ప్రకటించాడు. బ్రిటన్, ఫ్రాన్స్, రష్యాల కింద ఉన్న ముస్లిం సైనికులను బాగా చూసుకుంటే వాళ్ళు తమవైపు తిరుగుతారని జర్మన్ విదేశాంగ శాఖ ఆశ. అందుకే 1915 జూలైలో శిబిరం లోపల చెక్కతో ఒక మసీదు కట్టించారు. జర్మన్ నేల మీద నమాజు కోసం కట్టిన మొదటి మసీదు అదే. రంజాన్ పాటించనిచ్చారు, ముస్లింలను తమ పద్ధతిలోనే మాంసం కోసుకోనిచ్చారు. హిందువులను, సిక్కులను, గూర్ఖాలను కూడా ఇదే శిబిరంలో భారతీయుల భాగంలో ఉంచారు. వాళ్ళను కూడా బ్రిటిష్ వాళ్ళ మీదకు ఉసిగొల్పొచ్చని అనుకున్నారు.

ఇక్కడ మన హైదరాబాద్ ప్రస్తావన వస్తుంది. బెర్లిన్‌లో భారత విప్లవకారులు ఒక కమిటీ పెట్టుకుని, జర్మన్ సాయంతో బ్రిటిష్ పాలనను కూలదోయాలని పనిచేస్తున్నారు. ఆ కమిటీ పెద్దల్లో ముఖ్యుడు వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ. 1880లో హైదరాబాద్‌లో పుట్టాడు. నిజాం కాలేజీ తొలి ప్రిన్సిపాల్ అఘోరనాథ్ చట్టోపాధ్యాయ కొడుకు, సరోజినీ నాయుడు తమ్ముడు. ఈ కమిటీ మనుషులు శిబిరానికి వెళ్ళి బందీలతో మాట్లాడేవారు. బందీల కోసం హిందీలో, ఉర్దూలో ‘హిందోస్తాన్’ అనే పత్రిక కూడా అచ్చయ్యేది.

ఫలితం మాత్రం అంతంత మాత్రమే. కొందరు పఠాన్ సైనికులు కాబూల్ వెళ్ళే జర్మన్ బృందంతో కలిశారు. న్యూవ్ షాపెల్ పోరుకు కొద్ది రోజుల ముందే తనంతట తాను జర్మన్ల వైపు వెళ్ళిపోయిన జమేదార్ మీర్ మస్త్ వాళ్ళలో ఒకడు. అతని అన్నదమ్ముడు మీర్ దస్త్ అదే ఏడాది ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర చూపిన ధైర్యానికి బ్రిటిష్ వాళ్ళు తమ అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ ఇచ్చారు. ఒకే ఇంట్లో పుట్టిన ఇద్దరు, చెరో పక్షం. వీళ్ళలో ఒకరిని దేశభక్తుడని, ఇంకొకరిని ద్రోహి అని అనడానికి నాకు నోరు రాదు. ఇద్దరూ వేరెవరో మొదలుపెట్టిన యుద్ధంలో చిక్కుకున్నవాళ్ళే. ఇక మిగతా బందీలలో చాలామందికి ఈ రాజకీయాలేవీ పట్టలేదు. వాళ్ళకు ఇంటికి పోతే చాలు.

[తెర మీద: పెద్ద గొట్టం ఉన్న గ్రామఫోన్ యంత్రం.]

వాళ్ళ మనసులో ఏముందో మనకెలా తెలుసంటే, వాళ్ళ గొంతులు ఇంకా ఉన్నాయి కాబట్టి. 1915 చివర్లో జర్మనీలోని ప్రష్యా రాజ్య ప్రభుత్వం గొంతులు రికార్డు చేయడానికి ఫొనోగ్రాఫిక్ కమిషన్ అని ఒకటి వేసింది. విల్‌హెల్మ్ డేగెన్ అనే టీచరు దీనికి పూనుకున్నాడు. 30 మంది దాకా పండితులు బందీ శిబిరాలన్నీ తిరిగారు. ప్రపంచంలోని భాషలు, యాసలు, పాటలు ఒకచోట భద్రపరచాలని వాళ్ళ కోరిక. పాఠాలకు, పరిశోధనకు పనికొస్తాయని చేసిన పని అది, బందీల బాగు కోసం కాదు. ఇంకొందరు వచ్చి బందీల తలలు, ముక్కులు కొలుచుకుని పోయారు. ఎగన్ ఫాన్ ఐక్‌స్టెట్ అనే ఆయన ఈ యుద్ధంలో సిక్కు బందీలను కొలిచి, ఆ కొలతల మీదే డాక్టరేట్ రాసుకున్నాడు. కంచె లోపలున్న మనిషి వద్దనగలడా?

రికార్డింగ్ ఎలా జరిగేదో కాస్త వివరంగా చెప్తాను. ముందు ఒక ఫారం నింపేవారు. పేరు, వయసు, పుట్టిన ఊరు, అమ్మానాన్నల ఊరు, ఏయే భాషలొచ్చు, చదవడం వచ్చా, పాడతావా, ఏదైనా వాయిస్తావా అని అడిగి రాసుకునేవారు. తర్వాత ఏం చెప్పాలో కాగితం మీద పెట్టించి, ముందు ఒకసారి చెప్పించుకునేవారు. అప్పుడు గొట్టం ముందు నిలబెట్టేవారు. సూది తిరుగుతున్న మైనం మీద గీత గీస్తుంటే, ఆ రెండు మూడు నిమిషాల్లో చెప్పాల్సింది చెప్పేయాలి. కథ చెప్పినవాళ్ళున్నారు, పాట పాడినవాళ్ళున్నారు.

1916 డిసెంబర్ 11న వ్యూన్స్‌డార్ఫ్‌లో ఆ గొట్టం ముందు నిలబడ్డవాడు మల్ సింగ్. పంజాబులో ఫిరోజ్‌పూర్ జిల్లా. అతను ‘నేను’ అనలేదు. ఎవరో వేరే మనిషి గురించి చెబుతున్నట్టు చెప్పాడు. హిందుస్థాన్‌లో ఒక మనిషి ఉండేవాడని, వెన్న తినేవాడని, పాలు తాగేవాడని మొదలుపెట్టాడు. ఆ మనిషి ఆంగ్లేయుల కొలువులో చేరాడని, యూరప్ యుద్ధానికి వచ్చాడని, జర్మన్లు పట్టుకున్నారని చెప్పాడు. ఇప్పుడతనికి ఇంటికి పోవాలని ఉందట. పోతే మళ్ళీ ఆ తిండే దొరుకుతుందట. ఇంకో రెండేళ్ళు ఇక్కడే ఉంచితే చనిపోతాడట. దేవుడు దయ చూపి సంధి కుదిరితే మాత్రం వెళ్ళిపోతాడట.

అంతే, రికార్డు అయిపోతుంది. ఆ గొంతు ఇప్పటికీ బెర్లిన్ హుంబోల్ట్ విశ్వవిద్యాలయం వారి ధ్వని భాండాగారంలో ఉంది. తన బాధ తన పేరున చెప్పుకుంటే ఎవరేమంటారోనని అలా కథలా చెప్పాడని నేననుకుంటున్నాను. ఎదురుగా ఉన్న పండితులకు అందులో కావలసింది పంజాబీ ఉచ్చారణ ఒక్కటే. అతను మాత్రం వాళ్ళ యంత్రంలోనే తన విన్నపం పెట్టి పోయాడు.

[తెర మీద: మంచు కప్పిన శిబిరం బారకాసులు.]

చావు భయం ఊరికే పట్టుకున్నది కాదు. శిబిరం ఉన్న బ్రాండెన్‌బర్గ్ ప్రాంతపు చలి, ఇరుకు బారకాసులు, వాటిలో పాకిన క్షయ. ఊపిరితిత్తుల జబ్బులతో మనవాళ్ళు ఒకరి వెనక ఒకరు పోయారు. ఈ చలికి తట్టుకోలేకపోతున్నారని 1917లో భారతీయ బందీలలో చాలామందిని రొమేనియాలోని శిబిరానికి తరలించారు. అప్పటికే పోయినవాళ్ళు త్సేరెన్స్‌డార్ఫ్ మట్టిలో ఉండిపోయారు. రష్యా సైన్యంలో పనిచేస్తూ జర్మన్లకు బందీలుగా దొరికిన తాతార్లనే ముస్లిం జాతివాళ్ళను కూడా అక్కడే ఖననం చేశారు. వాళ్ళ స్మారక శిల ఇప్పటికీ ఆ ఆవరణలో ఉంది.

ఇక్కడి నుంచి ఆ శ్మశానం కష్టాలు మొదలు. త్సేరెన్స్‌డార్ఫ్ పొలాలు, అడవి సైన్యం శిక్షణ మైదానంలో కలిసిపోయాయి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యపు ప్రధాన స్థావరం వ్యూన్స్‌డార్ఫ్ బంకర్లలోనే నడిచింది. 1945 తర్వాత అదే చోట సోవియట్ సైన్యం మకాం వేసి, జర్మనీలోని తన బలగాలన్నిటికీ కేంద్రంగా చేసుకుంది. 1994 దాకా కదల్లేదు. బయటివాళ్ళకు ప్రవేశం లేదు. సమాధులను చూసుకోవలసిన కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వాళ్ళకు కూడా దారి మూసుకుపోయింది. రాళ్ళు కూలినా, పొదలు కమ్మినా అడిగే దిక్కు లేదు.

కమిషన్ అప్పుడు చేసిన పని నాకు చాలా నచ్చింది. ఫ్రాన్స్‌లోని న్యూవ్ షాపెల్ దగ్గర భారతీయ సైనికుల స్మారకం ఉంది. హెర్బర్ట్ బేకర్ రూపకల్పన చేసినది, 1927లో ప్రారంభమైంది. పద్మం తలదాల్చిన ఎత్తైన స్తంభం, దానికి చెరో పక్క కాపలా కూర్చున్న పులి. సమాధి తెలియని 4,700 మందికి పైగా భారత సైనికుల పేర్లు దాని గోడ మీద ఉన్నాయి. 1964లో అదే చోట ఒక కంచు ఫలకం అదనంగా పెట్టి, త్సేరెన్స్‌డార్ఫ్‌లో ఉన్న 210 మంది (ఇప్పటి లెక్కలో 206) పేర్లు పోతపోయించారు. సమాధి దగ్గరికి వెళ్ళలేకపోతే కనీసం పేరైనా జనం చూడగలిగే చోట ఉండాలని. ఆ 210 మందిలో కొందరు పట్టుబడింది కూడా ఆ చుట్టుపక్కల పొలాల్లోనే అయ్యుంటుంది.

సోవియట్ సైన్యం వెళ్ళిపోయాక త్సేరెన్స్‌డార్ఫ్‌ను మళ్ళీ బాగుచేశారు. 2005లో కొత్తగా తీర్చిదిద్దిన సిమెట్రీని తెరిచారు.

[తెర మీద: బస్రా స్మారకం పాత ఫోటో.]

ఇంత చెప్పాక ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఈ 206 మందికి జరిగినపాటి న్యాయం అందరికీ జరగలేదు. కమిషన్ పెట్టుకున్న నియమం గొప్పది: అధికారైనా సిపాయైనా, ఏ మతమైనా, ప్రతి ఒక్కరికీ పేరుతో సమానమైన గుర్తింపు. యూరప్‌లో దాన్ని పాటించారు. యూరప్ దాటాక పక్కన పెట్టేశారు. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద బ్రిటిష్ సైనికుల పేర్లు చెక్కారు, భారతీయ అధికారుల పేర్లు చెక్కారు. మామూలు భారతీయ సిపాయిలకు మాత్రం ఏ పటాలంలో ఎంతమంది అన్న అంకె వేసి సరిపెట్టారు. సైనిక ఇంజనీరింగ్ పనులు చేసే మద్రాసు సాపర్స్ లాంటి దళాలు అప్పట్లో మెసపొటేమియా అనే ఆ ఇరాక్‌లోనే పనిచేశాయి. మన తెలుగు జిల్లాల నుంచి సైన్యంలో చేరినవాళ్ళు ఎక్కువగా అలాంటి మద్రాసు దళాల్లోకే వెళ్ళేవారు. అంటే మన ముత్తాతల్లో ఎవరైనా అక్కడ పోయుంటే, ఆ గోడ మీద ఒక అంకెలో కలిసిపోయి ఉంటారు.

2021లో కమిషనే ఒక నివేదికలో ఒప్పుకుంది: ఆఫ్రికా, ఆసియా, మధ్యప్రాచ్యాల నుంచి వచ్చినవాళ్ళలో కనీసం 1,16,000 మందికి, బహుశా 3,50,000 మంది దాకా, పేరుతో గుర్తింపు లేదు, లేదా అసలు గుర్తింపే లేదు. క్షమాపణ చెప్పింది. పేర్లు వెతికే పని ఇంకా సాగుతోంది.

[తెర మీద: కమిషన్ వెబ్‌సైట్ వెతుకు పేజీ.]

మీకు వెతకాలని ఉంటే దారి చెప్తాను. కమిషన్ వెబ్‌సైట్‌లో డబ్బు కట్టక్కర్లేకుండా పేరుతో గాని, సిమెట్రీ పేరుతో గాని వెతకొచ్చు. ఇంగ్లిష్ అక్షరాల్లో ‘త్సేరెన్స్‌డార్ఫ్’ స్పెల్లింగ్ జెడ్‌తో మొదలవుతుంది. ఒక పేరు నొక్కితే పటాలం, చనిపోయిన తేదీ వస్తాయి. చాలా భారతీయ పేర్ల కింద ఫలానా వారి కొడుకు, ఫలానా ఊరు, ఫలానా జిల్లా అని కూడా ఉంటుంది. ఒక్క జాగ్రత్త: వందేళ్ళ కింద ఎవరో గుమాస్తా చెవికి వినబడ్డట్టు రాసుకున్న స్పెల్లింగులు అవి. ఒక పేరు దొరక్కపోతే నాలుగు రకాలుగా కొట్టి చూడండి. పంజాబు ఊళ్ళ విషయంలో ఇంకో ఆసరా ఉంది. లాహోర్ మ్యూజియంలో ఉన్న పాత రిజిస్టర్లలోంచి 3,20,000 మంది పంజాబీ సైనికుల వివరాలు బయటికి తెస్తున్నారు. అవి ఊరి వారీగా రాసుకున్న లెక్కలు.

వెళ్ళి చూడాలనుకునేవాళ్ళు బెర్లిన్ నుంచి వ్యూన్స్‌డార్ఫ్ దాకా రైల్లో వెళ్ళొచ్చు. అక్కడి నుంచి కొంత దూరం నడక. దారి వదిలి అడవిలోకి మాత్రం పోకండి. దశాబ్దాల పాటు ఫిరంగులు పేల్చిన నేల అది, హెచ్చరిక బోర్డు కనిపిస్తే అక్కడే ఆగండి.

బెర్లిన్‌లో చదువుకుంటున్న మన పిల్లలకు ఒక విన్నపం. మీ పక్క గదిలో పంజాబీ కుర్రాడో, నేపాలీ కుర్రాడో ఉంటే వాళ్ళ ఊరి పేరు, జిల్లా పేరు అడగండి. ఇద్దరూ కూర్చుని కమిషన్ వెబ్‌సైట్‌లో, పంజాబు ఊరైతే ఆ లాహోర్ రిజిస్టర్లలో కూడా వెతకండి. దొరికితే ఆ పేజీ వాళ్ళ ఇంటికి పంపించమనండి.